తోక కట్టేసిన విమానం

వర్జీనియాలో ఫ్రంట్ రాయల్ దాటాక, మొక్కజొన్న చేల మధ్య ఒకే ఒక్క రన్‌వే ఉన్న చిన్న ఎయిర్‌ఫీల్డ్ ఉంది. శనివారాలు అక్కడికి వచ్చేవాళ్ళందరికీ రాధారాణి తెలుసు. పొట్టి మనిషి. నెరిసిన జుట్టు ముడేసుకుని, నూనె మరకల జీన్స్ చొక్కా తొడుక్కుని, హ్యాంగర్ తలుపులు తనే తోసుకునేది. లోపల ఉన్నది యాక్-50. సోవియట్ యూనియన్‌లో చేసిన, ఒకే ఒక్క మనిషి పట్టే విమానం. ఎర్రని ముక్కు, తెల్లని రెక్కలు. మీటర్ల మీద ఇప్పటికీ రష్యన్ అక్షరాలే.

ఆవిడ దాన్ని బయటికి లాగి, ప్రొపెల్లర్‌ని చేత్తో నెమ్మదిగా తిప్పేది. కదలకుండా నిలబెట్టిన ఆ ఇంజన్‌లో నూనె కింది సిలిండర్లలోకి దిగుతుంది. అది తీయకుండా స్టార్ట్ చేస్తే ఇంజన్ విరుగుతుంది. తర్వాత రెక్క మీదికెక్కి లోపల కూర్చుని, గాలి కుక్కిన సీసా మర తిప్పి, ఆ ఒత్తిడితో స్టార్ట్ చేసేది. తొమ్మిది సిలిండర్లూ ఒక్కసారి దగ్గి, పొగ కక్కి, ఆ తర్వాత చేలన్నీ అదిరేలా గర్జించేవి. విమానం ముందుకు గుంజుకునేది. కానీ ఎక్కడికీ పోయేది కాదు. దాని తోకకి లావుపాటి నైలాన్ తాడు కట్టి, ఆ తాడుని కాంక్రీటులో పాతిన ఇనుప కడియానికి ముడేసి ఉంచేవారు.

ఆ ముడి వేసేది ఆవిడ భర్త శ్రీధర్. వేసి, రెండుసార్లు లాగి చూసి, వెళ్ళి కారులో కూర్చునేవాడు. పావుగంట గర్జన అయ్యాక ఆవిడ ఇంజన్ ఆపి దిగేది. ఇద్దరూ ఇంటికెళ్ళి భోంచేసేవారు. రెండేళ్ళుగా ఇదే వరస.

రాధారాణిది తెనాలి. ఆమె చదువుకునే రోజుల్లో బడి తెరవగానే పుస్తకాలకి అట్టలు వేసుకోవడానికి పిల్లలంతా ఎగబడేది రష్యా పత్రికల కాగితం కోసమే. నున్నగా, మందంగా, నీళ్ళు పడ్డా చిరగని కాగితం. తొమ్మిదో తరగతిలో ఆమె సైన్సు పుస్తకానికి పడిన అట్ట మీద తోలు టోపీ పెట్టుకున్న ఒక అమ్మాయి యుద్ధ విమానం రెక్క మీద కూర్చుని బూటు లేసు కట్టుకుంటోంది. వెనకాల విమానంలో ఒకటే సీటు. పక్కన తోడెవరూ లేరు, వెనక చెప్పేవాళ్ళూ లేరు. ఉమ్మడి కుటుంబంలో పదకొండు మంది మధ్య పెరిగిన పిల్లకి ఆ బొమ్మలో అన్నిటికంటే వింతగా తోచింది ఆ ఒంటరి సీటే. సంవత్సరం పొడుగునా పాఠం వినకుండా ఆ అట్టనే చూసింది.

తర్వాత విశాఖపట్నంలో ఫార్మసీ చదివింది. పెళ్ళయింది. శ్రీధర్ సివిల్ ఇంజనీరు. ఎనభైల్లో ఇద్దరూ అమెరికా వచ్చి, వర్జీనియాలోని వించెస్టర్‌లో స్థిరపడ్డారు. ఆయన రాష్ట్రప్రభుత్వం వారి వంతెనలు చూసుకునేవాడు. ఆమె హాస్పిటల్ ఫార్మసీలో మందులు కలిపేది. కూతురు మేధ పుట్టింది. ఆ పిల్ల కిండర్‌గార్టెన్‌లో చేరిన ఏడాది, పక్క కౌంటర్‌లో పనిచేసే స్నేహితురాలు ఊరికే ఒకసారి రమ్మని చిన్న సెస్నా విమానంలో ఎక్కించుకుని తిప్పింది. దిగాక రాధారాణికి రెండు రోజులు అన్నం సయించలేదు. ఆ నెలలోనే విమానం నడిపే పాఠాలకి చేరింది.

సోవియట్ యూనియన్ విడిపోయాక అక్కడి ఫ్లయింగ్ క్లబ్బులు మూతపడి, వాటి విమానాలు ప్రపంచం మీదికి వచ్చిపడ్డాయి. అలా లిథువేనియా నుంచి ఒక యాక్-50 రెక్కలు విప్పుకుని కంటైనర్‌లో బాల్టిమోర్ రేవుకి చేరింది. తెప్పించుకున్న పెద్దమనిషికి దాన్ని బిగించే ఓపిక లేకపోయింది. రాధారాణి కొనుక్కుంది. అడుగులకీ మైళ్ళకీ అలవాటుపడ్డ మిగతా పైలట్లు మీటర్లనీ కిలోమీటర్లనీ చూసి తలలు పట్టుకుంటుంటే, తెనాలిలో లెక్కలు నేర్చుకున్న ఆవిడకి అవి సొంతింటి కొలతల్లా అనిపించాయి.

"రష్యా విమానమేంటండీ, ఇంకేం దొరకలేదా?" అని ఎవరైనా అడిగితే చాలు, ఆమెకి పండగే. ఆష్‌బర్న్‌లో తెలుగువాళ్ళ విందు ఒకదాంట్లో ధృవ్ అనే కుర్ర ఇంజనీరు అడిగాడు.

"ఆంటీ, అది వార్ ప్లేనా, స్పోర్ట్స్ ప్లేనా? గూగుల్ చేస్తే రెండూ చూపిస్తోంది."

"రెండూ ఒక చెయ్యి కట్టినవే బాబూ. యాకొవ్లెవ్ అని ఒకాయన, కుర్రతనంలో సరదా విమానాలు కట్టాడు. తేలిగ్గా, చురుగ్గా, ఒక మనిషి ఎక్కి పల్టీలు కొట్టేలాంటివి. యుద్ధం వస్తోందనగానే అదే చెయ్యి ఫైటర్ కట్టింది. రెక్కలు చెక్క, ఒళ్ళు ఇనుప గొట్టాల మీద గుడ్డ. అల్యూమినియం దొరికేది కాదు మరి."

"గుడ్డా? ఫైటర్‌కా?"

"గుడ్డే. బరువు తగ్గించడమే ఆయన విద్య. యాక్-1, యాక్-9, అన్నిట్లోకీ తేలికైంది యాక్-3. యుద్ధం అయిపోయాక మళ్ళీ క్లబ్బుల కోసం రెండు సీట్ల యాక్-18. దాంట్లో ఒక సీటు తీసేసి పల్టీల పోటీల కోసం ఇంకోటి. దాన్ని చెక్కి చెక్కి డెబ్భైల్లో నాది. కీవ్‌లో ప్రపంచ పోటీ గెలిచింది. మొదట్లో కొన్నిటికి రెక్కలు విరిగి మనుషులు పోయారు కూడా. తర్వాత రెక్క లోపలి దూలం గట్టిపరిచారు."

ఇలా చెప్తూ ఉంటే ఆమె పప్పన్నం చల్లారిపోయింది. పక్కనే కూర్చున్న మేధ ఈ కథ వందసార్లు విన్నది కాబట్టి ఫోన్ చూసుకుంటోంది.

మేధకి ఆ విమానంతో వేరే లెక్క ఉంది. ఎనిమిదేళ్ళప్పుడు మొదటిసారి హ్యాంగర్‌కి తీసుకెళ్తే, రెక్క మీదికెక్కి లోపలికి తొంగి చూసి అడిగింది.

"అమ్మ, నా సీట్ ఎక్కడ?"

"ఇందులో ఒక్కటే సీటమ్మా."

"డాడీకి?"

"డాడీకీ లేదు."

యుద్ధంలో రెండు సీట్ల శిక్షణ విమానాన్ని ఒక సీటు ఫైటర్‌గా మార్చినప్పుడు, వెనక మిగిలిన ఖాళీలో మెకానిక్‌ని కూర్చోబెట్టుకుని తిరిగేవారని రాధారాణి ముచ్చటగా చెప్పింది. "అయితే నన్ను కూడా అలా బ్యాక్‌లో పెట్టుకో" అంది పిల్ల. ఈ విమానానికి అంత ఖాళీ లేదని తల్లి నవ్వేసింది. మేధ నవ్వలేదు. తర్వాత ఎప్పుడు రమ్మన్నా హోమ్‌వర్క్ ఉందనేది.

రిటైరయ్యాక రాధారాణి వారానికి రెండు మూడుసార్లు ఎగిరేది. ఒక సాయంత్రం వంటింట్లో పులుసుకి తాలింపు వేస్తూ ఉండగా కుప్పకూలింది. కళ్ళు తెరిచేసరికి తల శ్రీధర్ ఒళ్ళో ఉంది, పొయ్యి మీద ఆవాలు మాడిపోయి ఇల్లంతా పొగ. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయని ఆయన చెప్పాడు. ఆమెకేమీ గుర్తు లేదు. హాస్పిటల్‌లో తలకి తీగలు పెట్టారు, గుండెకి పెట్టారు, సొరంగంలాంటి మెషీన్‌లో పడుకోబెట్టారు. ఏమీ కనిపించలేదు.

"ఏదైనా కనిపించి ఉంటే బాగుండేది" అన్నాడు డాక్టర్. "కారణం తెలిస్తే మందుంటుంది. తెలియకపోతే మళ్ళీ రాదని ఎవరూ చెప్పలేరు."

కారణం తెలియకుండా స్పృహ తప్పినవాళ్ళని ఆకాశంలోకి పోనివ్వరు. ఆ సంగతి దాచిపెట్టిన పైలట్లు ఆమెకి తెలుసు. ముప్పై ఏళ్ళు మందుల దగ్గర పనిచేసిన మనిషి, ఆమె దాచలేదు. తానే తెలియజేసింది. అనుమతి పోయింది.

అక్కణ్ణుంచి ఇల్లు మారిపోయింది. స్నానాల గది తలుపు గడియ శ్రీధర్ ఊడదీశాడు. మేడ మీది పడగ్గది కిందికి దిగింది. కారు నడపచ్చని డాక్టర్ ఆరు నెలల తర్వాత చెప్పినా, తాళం చెవులు ఆయన జేబులోనే ఉండిపోయాయి. కూరగాయలకి వెళ్దామన్నా, లైబ్రరీకి వెళ్దామన్నా ఆయన ఉండాలి. ఒక్క మాట కూడా గట్టిగా అనేవాడు కాదు. "నేనున్నానుగా రాణీ, నేను తీసుకెళ్తాను" అనేవాడు. ఆ మంచితనానికి అడ్డుచెప్పడానికి ఆమెకి మాట దొరికేది కాదు. రాత్రి ఆమె పక్కకి ఒత్తిగిల్లినా ఆయనకి మెలకువ వచ్చేసేది. నిద్రలో ఊపిరి కాస్త గట్టిగా పీలిస్తే చెయ్యి వచ్చి భుజం మీద పడేది.

శనివారం పావుగంట గర్జన ఒక్కటే మిగిలింది. అదీ తాడుతో.

తల్లి ముఖం చూసి మేధకే ఉండబట్టలేదు. ఆష్‌బర్న్‌లో డేటా సెంటర్ ఉద్యోగం చేసుకునే పిల్ల, ఎవరెవర్నో అడిగి ఒక యాక్-52ని పట్టుకుంది. రెండు సీట్లది. యాక్-50కి తోబుట్టువు లాంటిది, అదే ఇంజన్. దాని యజమాని వెనక సీట్లో కూర్చుంటాడు, అమ్మ ముందు సీట్లో కూర్చుని సరదాగా తిరిగిరావచ్చు.

"బర్త్‌డే గిఫ్ట్ అమ్మ. సేఫ్ కూడా. ఆయన వెనకాల ఉంటాడు" అంది.

రాధారాణి కొత్త చొక్కా వేసుకుని వెళ్ళింది. ముందు సీట్లో కూర్చుంది. లేచారు. పొలాలు కిందికి జారాయి, షెనాండోవా నది మెలికలు తిరుగుతూ కనిపించింది. యజమాని మర్యాదస్తుడు. "కంట్రోల్స్ తీసుకోండి" అన్నాడు. ఆమె విమానం తిప్పే కర్ర పట్టుకుంది. మెల్లిగా ఎడమకి వాల్చింది. ఆ కర్ర మీద ఇంకో చెయ్యి బరువు తెలిసింది. కాళ్ళ కింద పెడల్స్ ఆమె తొక్కకముందే కొద్దిగా కదిలాయి. ఆయన తప్పేం చేయలేదు. జాగ్రత్తగా ఉన్నాడు, అంతే. స్నానాల గది బయట నిలబడి "అయిందా?" అని అడిగే గొంతులాంటి జాగ్రత్త.

"ఎలా ఉంది?" దిగాక మేధ ఆశగా అడిగింది.

"బాగుంది తల్లీ. చాలా బాగుంది" అంది రాధారాణి. కారెక్కి దారంతా కళ్ళు మూసుకునే కూర్చుంది.

ఆ తర్వాతి శనివారం శ్రీధర్ ముడి వేసి, లాగి చూసి, థర్మాస్ ఇంట్లో మర్చిపోయానని గుర్తొచ్చి, రోడ్డు మీది దుకాణంలో కాఫీ తేవడానికి కారేసుకుని వెళ్ళాడు. రాధారాణి లోపల కూర్చుని ఇంజన్ స్టార్ట్ చేసింది. వేడెక్కే దాకా ఆగింది. ఆపింది. రెక్క మీంచి దిగి, తోక దగ్గరికి నడిచి, వంగి తాడు ముడి విప్పింది. భర్త వేసిన ముడి కాబట్టి అంత తేలిగ్గా రాలేదు. గోరు విరిగింది. విప్పి, మళ్ళీ ఎక్కి కూర్చుని స్టార్ట్ చేసింది.

విమానం కదిలింది. రెండేళ్ళుగా గుంజుకుని గుంజుకుని ఆగిపోయినది, ఇవాళ గుంజుకోగానే సాగింది. ఆమె పాదాలకి అన్నీ గుర్తున్నాయి. ఎత్తుగా ఉన్న ముక్కు అడ్డం కాబట్టి అటూ ఇటూ తిప్పుకుంటూ రన్‌వే చివరికి చేర్చింది. ఆకాశం నిర్మలంగా ఉంది. వేరే విమానాలేవీ లేవు. ఎక్కడికి వెళ్దామని అనుకోలేదు. పైకి పోతే చాలు. ఒక్కసారి, చుట్టూ ఎవరి ఊపిరీ లేని చోటికి. పైన తల తిరిగితే ఏమవుతుందో తెలుసు. కింద చేలల్లో ఇళ్ళున్నాయని కూడా తెలుసు. ఆ తెలిసినదంతా ఎక్కడో దూరంగా, అద్దం అవతల ఉన్నట్టుంది.

ఇంజన్ జోరు పెంచే థ్రాటిల్ పిడిని ముందుకి తోసింది. వీపు సీటుకి అతుక్కుంది. తోక లేచింది. తోక లేవగానే ముక్కు కిందికి దిగి, అప్పటిదాకా కనిపించని రన్‌వే మొత్తం కళ్ళముందుకి వచ్చింది.

అవతలి చివర, రన్‌వేకి అడ్డంగా, వాళ్ళ కారు నిలబడి ఉంది. కారు ముందు శ్రీధర్ నిలబడి ఉన్నాడు.

దూరం చాలానే ఉంది. ఆయన మీంచి లేచి వెళ్ళిపోవచ్చు. ఈ విమానానికి అదొక లెక్క కాదు. ఆ ఒక్క క్షణం ఆమె చెయ్యి థ్రాటిల్ మీద అలాగే ఉంది. తర్వాత వెనక్కి లాగింది. తోక దబ్బున కింద పడింది. బ్రేకు పట్టగానే అందులోంచి గాలి బుస్సుమని బయటికి కొట్టింది. విమానం ఊగి, పక్కకి ఒరిగి, నిలదొక్కుకుని ఆగింది.

శ్రీధర్ నడుచుకుంటూ వచ్చాడు. పరిగెత్తలేదు. చొక్కా మీద కాఫీ ఒలికి ఉంది. రెక్క పక్కన నిలబడి పైకి చూశాడు. ఆమె ఇంజన్ ఆపి, పైమూత వెనక్కి జరిపింది.

"తిట్టండి" అంది ఆమె.

"ఏమని తిట్టను?"

"నాకు ఊపిరాడట్లేదండీ. మీరు ఎంత మంచిగా చూసుకుంటే అంత ఆడట్లేదు."

ఆయన రెక్క అంచు పట్టుకుని తల వంచుకున్నాడు.

"తెలుసు. గడియ పీకేసిన రోజే నీ ముఖం చూశాను" అన్నాడు. "కానీ రాణీ, నువ్వు పైకి వెళ్ళిన ప్రతిసారీ నేనెక్కడున్నానో ఎప్పుడైనా ఆలోచించావా? ఇందులో నాకు సీటు లేదు కదా. నీకు ఏమైనా అయితే పక్కన ఉండటానికి కూడా లేదు. ఇరవై నాలుగేళ్ళు కింద నిలబడి తల ఎత్తుకుని చూడటమే నా పని అయింది. నువ్వు ఒక గదిలో చిక్కుకుని ఉన్నావు. నేను ఇంకో గదిలో ఉన్నాను. అంతే తేడా."

ఆమె దిగింది. తోక పక్కన ఇద్దరూ చెరోవైపు నిలబడి విమానాన్ని తోసుకుంటూ వెనక్కి తెచ్చారు. దారిలో ఆయనకి ఆయాసం వచ్చి రెండుచోట్ల ఆగారు. హ్యాంగర్ దగ్గరికి వచ్చాక ఆయన జేబులోంచి కారు తాళం చెవులు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇంటికి నువ్వే నడుపు" అన్నాడు.

రన్‌వేకి అడ్డంగా వదిలేసిన కారు దాకా వెళ్ళి, ఆమే నడిపింది. దారిలో ఒక్కసారి మాత్రం ఆయన చెయ్యి అలవాటుగా స్టీరింగ్ వైపు లేచి, మళ్ళీ ఒళ్ళోకి వెళ్ళిపోయింది.

విమానం అమ్మేద్దామన్న మాట ఆమే ఎత్తింది. తల్లి అలా అంటుందని మేధ అనుకోలేదు.

"ష్యూర్‌గా చెప్తున్నావా అమ్మ? ఎవరూ ఫోర్స్ చెయ్యట్లేదు నిన్ను."

"కట్టేసి ఉంచడం దానికీ మంచిది కాదు. నిలబెట్టిన ఇంజన్ తుప్పు పడుతుంది."

"దానికి ఓకే. నీకు?"

రాధారాణి కొంచెం ఆలోచించింది. "నాకు ఏది మంచిదో నాకింకా తెలియదు. నువ్వు చిన్నప్పుడు సీటు అడిగావు, గుర్తుందా? నవ్వేశాను. అప్పుడు నాకెంత హాయిగా ఉండిందో తెలుసా, నీకు కూడా సీటు లేనందుకు? ఇంట్లో అందరికీ నేనే కావాలి. అక్కడొక్కచోటే ఎవరికీ అక్కర్లేదు. నీకు చెప్పకూడని మాటే."

మేధ చేతిలోని ఫోన్ బోర్లించి పక్కన పెట్టింది. తర్వాత, "చెప్పావుగా. పర్లేదు" అంది. గొంతు మాత్రం పర్లేదన్నట్టు లేదు.

ఒహాయో నుంచి కార్లా అనే అమ్మాయి వచ్చింది. పొలాలకి మందు చల్లే విమానాలు నడుపుతుంది, పల్టీల పోటీలకి వెళ్తుంది. రెండు రోజులు ఉండి, రెక్క లోపలి దూలాన్ని లైటు వేసి అంగుళం అంగుళం చూసింది. తాను అడగబోయేదానికల్లా ఈ పెద్దావిడ ముందే జవాబు చెప్తుంటే నోట్లో బ్యాటరీ లైటు పెట్టుకునే నవ్వింది. దూలంలో ఎక్కడా పగులు లేదు.

తీసుకెళ్ళే రోజు ఉదయం శ్రీధర్, మేధ ఇద్దరూ వచ్చారు. ప్రొపెల్లర్‌ని రాధారాణే తిప్పింది. కార్లాని పట్టీలతో బిగించి, భుజం మీద తట్టి, రెక్క మీంచి దిగింది. ఇంజన్ దగ్గి అందుకుంది. గడ్డి అంతా వెనక్కి వాలింది. విమానం రన్‌వే చివరికి వెళ్ళి తిరిగింది.

వాళ్ళ ముందు నుంచే దూసుకుపోయి, తోక లేపి, నేలని వదిలింది. చక్రాలు వెనక్కి ముడుచుకున్నాయి. కార్లా ఒక చుట్టు తిరిగి, వీడ్కోలుగా తక్కువ ఎత్తులో వాళ్ళ తల మీంచి పోనిచ్చి, పైకి లేపి బోర్లించింది. ఎర్రటి ముక్కు, ఎండ పడ్డ తెల్లని రెక్కలు, కడుపు పొడవునా నల్లటి నూనె చార.

రాధారాణి నోరు తెరుచుకుని చూస్తోంది.

"ఏంటమ్మ?" అంది మేధ.

"నేనెప్పుడూ చూడలేదు."

"ఏది?"

"ఇది ఎగరడం. ఎప్పుడూ నేను లోపలే ఉన్నాను కదా. దీన్ని ఎగురుతుండగా చూడటం ఇదే మొదలు." శ్రీధర్ వైపు తిరిగింది. "ఇంత చిన్నగా కనిపిస్తుందా ఏమండీ?"

"ఇంకా చిన్నగా" అన్నాడు శ్రీధర్. ఆయన కూడా తల ఎత్తే ఉన్నాడు. "నువ్వు పల్టీ కొట్టి పైకి వెళ్ళినప్పుడు చప్పుడు ఆగిపోయినట్టుంటుంది చూడు. ఇప్పుడు. ఇదిగో, విన్నావా? ఆ కాస్సేపే కష్టం. మళ్ళీ వినిపిస్తుంది."

నిజంగానే చప్పుడు సన్నగిల్లింది. ఆమె చెయ్యి తనకి తెలియకుండానే ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది. ఆకాశంలో తెల్లని చుక్క తలకిందులుగా ఒక క్షణం నిలబడిపోయినట్టుంది. లోపల ఉన్నప్పుడు అదే అన్నిటికంటే ప్రశాంతమైన క్షణమని ఆమెకి తెలుసు. కింద నుంచి చూస్తే ఇలా ఉంటుందని మాత్రం తెలియదు.

చప్పుడు తిరిగి అందుకుంది. విమానం తిన్నగా అయి, పడమటి కొండల వైపు ముక్కు తిప్పి, చిన్నదై, మబ్బు అంచున కలిసిపోయింది.

మేధ వచ్చి తల్లికి రెండో పక్క నిలబడింది. చేల మీద గాలి తప్ప ఇంకే చప్పుడూ లేదు. రాధారాణి మెడ నొప్పి పుట్టేదాకా అటే చూస్తూ నిలబడింది.